పాత ఇంటి బేస్‌మెంట్‌ని ఉండే గదులుగా మార్చుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

మాది న్యూజెర్సీలో 1950ల్లో కట్టిన ఇల్లు. పైన మూడు చిన్న బెడ్‌రూములు, కింద ఇంటి వెడల్పంతా చీకటి బేస్‌మెంట్. అమ్మానాన్న వచ్చినప్పుడల్లా పిల్లలు తమ గది ఖాళీ చేసి హాల్లో పడుకునేవాళ్ళు. విజిటర్ వీసా మీద వచ్చే పెద్దవాళ్ళు చాలావరకు ఆరు నెలల దాకా ఉంటారు. అన్నాళ్ళు ఉండేవాళ్ళకి సొంత గది ఉండాలనిపించి, కింద గది, బాత్రూం, కూర్చోడానికి కాస్త చోటు చేయించాం. మొదటిసారి చేయించింది ఏడాది తిరక్కుండానే పీకేయాల్సి వచ్చింది. రెండోసారి చేయించింది ఇప్పటికీ పొడిగా, వెచ్చగా ఉంది. అప్పటి నుంచి తెలిసినవాళ్ళు అడుగుతున్న ప్రశ్నలు, వాటికి నేను చెబుతున్న జవాబులు ఇవి. ఇక్కడ ఇచ్చిన కొలతలు అమెరికాలో చాలా రాష్ట్రాలు ఆధారంగా తీసుకునే ఇంటర్నేషనల్ రెసిడెన్షియల్ కోడ్ అనే ఇళ్ళ నిర్మాణ నియమావళివి. న్యూజెర్సీలో పాత ఇళ్ళ మరమ్మతులకి 1998 నుంచి రిహాబిలిటేషన్ సబ్‌కోడ్ అనే నియమావళి విడిగా ఉంది, అందులో కొన్ని సడలింపులున్నాయి. మీ టౌన్‌షిప్ కన్‌స్ట్రక్షన్ ఆఫీసులో చెప్పిందే మీకు చివరి మాట.

అసలు బేస్‌మెంట్లు ఎందుకు కట్టారు? మన సెల్లార్ లాంటిదేనా?

హైదరాబాద్‌లో సెల్లార్ అంటే కార్లు పెట్టుకునే చోటు. ఇక్కడ సంగతి వేరు. చలికాలంలో నేల పైపొర గడ్డకట్టి ఉబ్బుతుంది, కరిగాక కుంగుతుంది. పునాది ఆ లోతు దాటి కిందికి పోకపోతే ఇల్లు కదులుతుంది. ఎలాగూ తవ్వాలి కాబట్టి ఇంకాస్త తవ్వి బొగ్గు, బాయిలర్, నీళ్ళ పైపులు అక్కడ పెట్టేవారు. మనుషులు పడుకుంటారని ఎవరూ అనుకోలేదు. అందుకే పాత గోడలకి బయటివైపు నీళ్ళు ఆగే పూత ఉండదు, ఉన్నా నామమాత్రం. గచ్చు కింద ప్లాస్టిక్ షీటూ ఉండదు. ఈ సంగతి మనసులో పెట్టుకుంటే కింద వచ్చే సగం ప్రశ్నలకి జవాబు దానంతటదే తెలుస్తుంది.

ఇల్లు ఇప్పుడే కొన్నాం. పని ఎప్పుడు మొదలుపెట్టాలి?

ఒక చలికాలం, ఆ తర్వాత మంచు కరిగే మార్చి, ఏప్రిల్ నెలలు, ఒక వేసవి గడిచాక. మేం అక్టోబరులో ఇల్లు చేతికి రాగానే నవంబరులో గోడలు ఎత్తించేశాం. అప్పుడు కింద అంతా ఎండి కటకటలాడుతోంది. పని చేసినతను కాంక్రీటు గోడకి ఆనించి చెక్క ఫ్రేము, అందులో చలి ఆపే పసుపు ఫైబర్‌గ్లాస్ దూది, మీద ప్లాస్టిక్ షీటు, దాని మీద డ్రైవాల్ (జిప్సం పలకలు) బిగించాడు. నేలకి కార్పెట్ వేశాడు. ఏప్రిల్‌లో మూడు రోజులు ఎడతెరిపి లేకుండా వాన పడింది. నీళ్ళు కంటికి కనబడలేదు గానీ గదిలోకి వెళ్తే ముక్కిపోయిన బియ్యం డబ్బా మూత తీసినట్టు వాసన. ఆగస్టుకి అమ్మకి దగ్గు పట్టుకుంది. గోడ విప్పి చూస్తే ఫైబర్‌గ్లాస్ వెనక నల్లగా బూజు. ఆ దగ్గు బూజు వల్లే వచ్చిందని డాక్టరు చెప్పలేదు, నేనూ చెప్పలేను. కానీ అమ్మని ఆ గదిలో పడుకోబెట్టానన్న బాధ మాత్రం నాకు పోలేదు. అందుకే ఎవరడిగినా ముందు ఏడాది ఆగమంటాను.

ఆ ఏడాదిలో ఏం చూడాలి?

పెద్ద వాన పడ్డప్పుడల్లా టార్చిలైటు పట్టుకుని కిందికి దిగండి. గోడ అడుగున తడి గీత, గోడ మీద తెల్లటి ఉప్పు పొర, తుప్పు పట్టిన మేకులు, ఇల్లు వేడిచేసే ఫర్నేస్ కాళ్ళ దగ్గర మరకలు కనిపిస్తే ఫోటో తీసి తేదీ రాసుకోండి. రెండడుగుల చదరం ప్లాస్టిక్ షీటు ముక్కని గచ్చుకీ, ఇంకో ముక్కని గోడకీ నాలుగు వైపులా టేపుతో అంటించి రెండు మూడు రోజులు వదిలేయండి. షీటు లోపలివైపు తడి చేరితే చెమ్మ నేలలోంచో గోడలోంచో వస్తోంది. పైవైపు తడిస్తే గదిలోని గాలిలోనే తేమ ఎక్కువగా ఉంది. రెంటికీ మందు వేరు.

పగుళ్ళు కూడా చూడండి. కాంక్రీటు గోడలో వెంట్రుకంత సన్నటి నిలువు పగులు మామూలుగా ఎండేటప్పుడు వచ్చినదే. సిమెంటు దిమ్మెల గోడలో సగం ఎత్తులో అడ్డంగా పగులు ఉండి, గోడ లోపలికి ఉబ్బినట్టుంటే బయట మట్టి తోస్తోందని అర్థం. అప్పుడు కాంట్రాక్టర్ కంటే ముందు స్ట్రక్చరల్ ఇంజనీరుని పిలవాలి.

నీళ్ళు ఆపడానికి వాటర్‌ప్రూఫ్ పెయింట్ వేస్తే సరిపోదా?

సరిపోదు. బయట తడిసిన మట్టి బరువుతో నీళ్ళు గోడని తోస్తుంటే లోపల పూసిన పూత ఎంతకాలం ఆగుతుంది? కొన్నాళ్ళకి పెచ్చులుగా ఊడిపోతుంది.

ముందు ఇంటి చుట్టూ తిరగండి, దీనికి పెద్ద ఖర్చు లేదు. చూరు గట్టర్లలో ఆకులు తీయించండి. గట్టర్ల నుంచి దిగే గొట్టాలు నీళ్ళని గోడ పక్కనే వదులుతుంటే పొడుగు ముక్కలు తగిలించి దూరంగా పంపండి. ఇంటి చుట్టూ మట్టి గోడ వైపు వాలి ఉంటే ఎదురు వాలు చేయించండి: మొదటి 10 అడుగుల్లో కనీసం 6 అంగుళాల వాలు ఉండాలన్నది నియమం. మా ఇంట్లో చెమ్మ చాలావరకు ఈ పనులతోనే పోయింది. చాలా కంపెనీలు ఈ మాట చెప్పకుండా నేరుగా పెద్ద పనికి కొటేషన్ ఇస్తాయి.

అవి చేసినా నీళ్ళు వస్తుంటే, నేల అడుగున నీటిమట్టం పెరుగుతోందన్నమాట. అప్పుడు లోపల గోడల వెంబడి గచ్చు పగలగొట్టి, చిల్లుల గొట్టం, కంకర వేసి, నీళ్ళని ఒక గుంటలోకి మళ్ళించి సంప్ పంపుతో బయటికి తోడాలి. పంపుకి బ్యాటరీ బ్యాకప్ తప్పకుండా పెట్టించండి. కరెంటు పోయేది సరిగ్గా గాలివాన రాత్రే.

మాది ఇంకా పాతది, రాతి పునాది. సిమెంటుతో సందులు పూడిస్తే?

1900 ప్రాంతంలో, అంతకుముందు కట్టిన ఇళ్ళలో రాళ్ళ మధ్య ఉండేది సున్నం. మన ఊళ్ళలో పాత మిద్దెలకి గానుగ సున్నం వాడినట్టే. సున్నం మెత్తగా ఉండి తేమని పీల్చి వదులుతుంది. దాని మీద గట్టి సిమెంటు పూస్తే తేమ లోపలే చిక్కుకుని సున్నమూ రాయీ కూడా చెడతాయి. సున్నంతోనే సందులు పూడ్చే మేస్త్రీని వెతకండి, కష్టపడితే దొరుకుతారు.

వేసవిలో కిటికీలు తెరిచిపెడితే చెమ్మ ఆరిపోతుంది కదా?

ఈ పొరపాటు మనవాళ్ళం అందరం చేస్తాం, ఎందుకంటే మన ఊళ్ళో గాలాడితే తడి ఆరుతుంది. ఇక్కడ జులైలో బయటి గాలి వేడిగా, తేమగా ఉంటుంది. బేస్‌మెంట్ గోడలూ నేలా చల్లగా ఉంటాయి. ఆ గాలి లోపలికొస్తే చల్లటి చెంబు బయట నీటిబొట్లు పట్టినట్టే గోడకి చెమ్మ పడుతుంది. కాబట్టి ఉక్కపోత రోజుల్లో కిటికీలు మూసి, గాలిలో తేమ లాగేసే డీహ్యూమిడిఫైయర్ నడపండి. తేమ కొలిచే చిన్న హైగ్రోమీటర్ కొని గోడకి తగిలించి, తేమ 50 శాతం లోపు ఉండేలా చూసుకోండి. డీహ్యూమిడిఫైయర్ గొట్టాన్ని సంప్ గుంటలోకి పెడితే రోజూ బకెట్ ఒంపే పని ఉండదు.

రాడాన్ టెస్ట్ నిజంగా అవసరమా? వాసనా లేదు, రంగూ లేదు అంటున్నారు.

వాసనా రంగూ లేవు కాబట్టే అవసరం. నేలలోని యురేనియం క్షీణించే క్రమంలో పుట్టే రేడియోధార్మిక వాయువు ఇది. పునాది పగుళ్ళలోంచి ఇంట్లోకి వస్తుంది, అన్నిటికంటే కింది అంతస్తులో ఎక్కువగా ఉంటుంది. 1984లో పెన్సిల్వేనియాలో లిమరిక్ అణువిద్యుత్ కేంద్రంలో పనిచేసే స్టాన్లీ వాట్రస్ అనే ఇంజనీరు డ్యూటీకి వెళ్తుంటే అక్కడి రేడియేషన్ అలారం మోగేది. అప్పటికి ఆ ప్లాంటు ఇంకా విద్యుత్తు ఉత్పత్తి మొదలుపెట్టలేదు. తీరా చూస్తే రేడియేషన్ ఆయన ఇంటి నుంచి వస్తోంది. ఆ ఇల్లున్న రీడింగ్ ప్రాంగ్ అనే రాతి పట్టీ పెన్సిల్వేనియా నుంచి ఉత్తర న్యూజెర్సీ మీదుగా న్యూయార్క్ వైపు సాగుతుంది. ఇళ్ళలో రాడాన్ గురించి అమెరికా గట్టిగా పట్టించుకోవడం అప్పుడే మొదలైంది.

ఊపిరితిత్తుల క్యాన్సర్‌కి పొగతాగడం తర్వాత పెద్ద కారణం రాడానే అని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ చెబుతోంది. లీటరు గాలికి 4 పికోక్యూరీలు (రేడియోధార్మికతని కొలిచే ప్రమాణం), అంతకు మించి ఉంటే సరిచేయించుకోమంటుంది, 2 నుంచి 4 మధ్య ఉన్నా ఆలోచించమంటుంది. టెస్ట్ తేలికే: 12 గంటల ముందు నుంచి తలుపులు, కిటికీలు మూసి ఉంచి, కిట్‌ని కింద కనీసం 48 గంటలు పెట్టి ల్యాబ్‌కి పంపడమే. పక్కింట్లో తక్కువ వచ్చిందని మీ ఇంట్లోనూ తక్కువే ఉంటుందనుకోకండి. ఎక్కువ వస్తే గచ్చుకి రంధ్రం చేసి, గొట్టం పెట్టి, ఫ్యాన్‌తో ఆ గాలిని కప్పు పైకి లాగేస్తారు. గోడలు మూసేశాక ఆ గొట్టానికి దారి వెతకడం నరకం, అందుకే ముందే టెస్ట్ చేయండి. పని పూర్తయ్యాక మళ్ళీ ఒకసారి చేయండి.

పాత టైల్స్ పీకేయొచ్చా?

9 అంగుళాల చదరపు టైల్స్ కనిపిస్తే చెయ్యి పెట్టకండి. ఆ కాలపు టైల్స్‌లోనూ, వాటి కింది నల్లటి జిగురులోనూ పీలిస్తే ఊపిరితిత్తులకి హాని చేసే ఆస్‌బెస్టాస్ నార ఉండే అవకాశం బాగా ఎక్కువ. బాయిలర్ పైపులకి చుట్టిన తెల్లటి అట్టలాంటి తొడుగూ అంతే. చిన్న ముక్క ల్యాబ్‌లో పరీక్ష చేయించాకే తీయించాలా, పగలని టైల్స్‌ని అలాగే కప్పేయాలా అన్నది తేల్చుకోవాలి. ఇళ్ళ పెయింట్లలో సీసాన్ని 1978లో నిషేధించారు. అంతకుముందు కట్టిన ఇంట్లో పాత రంగు గీకే ముందు దాన్నీ పరీక్ష చేయించండి, పిల్లలుంటే మరీ ముఖ్యం.

కప్పు ఎత్తు తక్కువగా ఉంది. ఎంత ఉండాలి?

ఉండే గదికి 7 అడుగులు. దూలాలు, డక్టుల (గాలి గొట్టాల) కింద 6 అడుగుల 4 అంగుళాల దాకా ఒప్పుకుంటారు. పాత ఇంటికి మీ టౌన్‌షిప్ ఏ లెక్క తీసుకుంటుందో అడగండి. కొలిచేటప్పుడు పైన వేసే డ్రైవాల్, కింద వేసే నేల మందం తీసేసి కొలవాలి. రెండూ కలిసి రెండు మూడు అంగుళాలు తినేస్తాయి.

ఎత్తు చాలకపోతే నేల తవ్వి దించొచ్చు, కానీ అది పునాది కిందికి వెళ్ళే పని. గోడని మూడు నాలుగడుగుల ముక్కలుగా, ఒకటి విడిచి ఒకటి తవ్వి, కాంక్రీటు పోస్తూ పోవాలి. ఇంజనీరు డ్రాయింగ్ లేకుండా ఎవరైనా చేస్తామంటే వద్దనండి. నా మటుకు నేనైతే అంత ఖర్చు పెట్టేకంటే ఆ చోటుని లాండ్రీకీ సామాన్లకీ ఉంచేస్తాను. మధ్యలో ఉండే ఇనుప స్తంభాల మీద పై ఇల్లు నిలబడి ఉంది, అడ్డంగా ఉందని ఒక్కటి కూడా తీయకూడదు. చుట్టూ చెక్క పెట్టె కట్టించి పుస్తకాల అర చేసుకోండి.

చిన్న కిటికీలు ఉన్నాయి కదా, బెడ్‌రూమ్‌కి చాలవా?

చాలవు, ఇది ప్రాణాలకి సంబంధించిన విషయం. మంటలొచ్చి మెట్లు మూసుకుపోతే గదిలోని మనిషి కిటికీలోంచి బయటపడగలగాలి, అగ్నిమాపక సిబ్బంది సామానుతో లోపలికి రాగలగాలి. తెరిచినప్పుడు కిటికీ ఖాళీ కనీసం 5.7 చదరపు అడుగులు, వెడల్పు 20 అంగుళాలు, ఎత్తు 24 అంగుళాలు ఉండాలి. నేల నుంచి కిటికీ అడుగు 44 అంగుళాలు మించకూడదు. 20, 24 తీసుకుంటే సరిపోతుందనుకోకండి, వాటిని గుణిస్తే 3.3 చదరపు అడుగులే వస్తుంది. ఏదో ఒకటి బాగా పెంచాలి.

కిటికీ నేలమట్టానికి కింద ఉంటే దాని ముందు బయట తవ్వే బావిలాంటి గుంటకి అడుగున నీళ్ళు పోయే దారి ఉండాలి, లోతు 44 అంగుళాలు దాటితే నిచ్చెన బిగించాలి. తవ్వే ముందు 811కి ఫోన్ చేస్తే గ్యాస్, కరెంటు లైన్లు ఎక్కడున్నాయో ఉచితంగా గుర్తు పెట్టి వెళ్తారు.

వరద వస్తే కింద పడుకున్నవాళ్ళ సంగతి?

2021 సెప్టెంబర్ 1 రాత్రి ఐడా తుపాను వానకి ఒక్క న్యూయార్క్ నగరంలోనే బేస్‌మెంట్ ఇళ్ళలో 11 మంది చనిపోయారు. వరద మ్యాపులో మీ ఇల్లు ప్రమాద ప్రాంతంలో ఉంటే, వీధిలో నీళ్ళు నిలిచే చరిత్ర ఉంటే కింద పడకగది పెట్టొద్దు. ఆట గదో, ఆఫీసో చేసుకోండి. మురుగు వెనక్కి తన్నకుండా డ్రైనేజీ గొట్టానికి బ్యాక్‌వాటర్ వాల్వ్ పెట్టించండి. మామూలు ఇంటి ఇన్సూరెన్స్‌లో వరద రాదు, మురుగు వెనక్కి రావడానికి విడిగా కవర్ తీసుకోవాలి. ప్రభుత్వ వరద బీమా ఉన్నా బేస్‌మెంట్‌లో బిగించిన డ్రైవాల్ రంగులకీ, కార్పెట్లకీ, సోఫాలకీ డబ్బు రాదు. ఆ బీమా మొదలవడానికి కూడా సాధారణంగా 30 రోజులు పడుతుంది. పెద్దవాళ్ళకి ఒక్క మాట ముందే చెప్పి ఉంచండి: రాత్రి నేల మీద నీళ్ళు కనిపిస్తే సామాను చూడొద్దు, ఫోన్ తీసుకుని పైకి వచ్చేయాలి.

గోడలకి ఇన్సులేషన్ ఎలా వేయాలి?

గదిలోని వెచ్చటి గాలి చల్లటి కాంక్రీటుని తాకకూడదు, సూత్రం ఇదే. గోడకి నేరుగా రెండంగుళాల గట్టి ఫోమ్ షీట్లు అంటించి, అతుకులన్నీ టేపుతో మూసి, దాని ముందు చెక్క ఫ్రేము నిలబెట్టాలి. ఫ్రేము అడుగు చెక్క పుచ్చకుండా మందు పట్టించిన (ట్రీటెడ్) చెక్క అయ్యుండాలి. ఫోమ్ మండుతుంది, కాబట్టి అర అంగుళం డ్రైవాల్‌తో కప్పాలి. ఫైబర్‌గ్లాస్‌ని కాంక్రీటుకి ఆనించి ప్లాస్టిక్‌తో మూయడం మా మొదటి గోడలో జరిగిన తప్పు: తేమ లోపలికి వెళ్ళింది, బయటికి రావడానికి దారి లేదు. డ్రైవాల్ అడుగుని నేలకి ఆనించకుండా అర అంగుళం పైకి ఉంచి, ఆ సందు స్కర్టింగ్‌తో మూసేయండి. గోడ పైభాగంలో, చెక్క మొదలయ్యే చోట, చలిగాలి దూరే సందుల్ని కూడా ఫోమ్‌తో మూయించడం మర్చిపోవద్దు.

నేల?

కార్పెట్ వద్దు, గట్టి చెక్క వద్దు. టైల్స్ గానీ వినైల్ పలకలు గానీ వేయండి. గచ్చు మీద బుడిపెల ప్లాస్టిక్ పొర పరిచి, పైన ప్లైవుడ్ వేసి, ఆ మీద పలకలు వేస్తే కాళ్ళకి చలి తగలదు. నాన్న చెప్పులు లేకుండా తిరిగేది ఈ నేల మీదే.

కింద బాత్రూం పెట్టడం సాధ్యమేనా?

మురుగు గొట్టం గచ్చు కింద నుంచి పోతుంటే గచ్చు పగలగొట్టి కలపొచ్చు. పాత ఇళ్ళలో అది గోడ మధ్యలోంచి, నేలకంటే ఎత్తులో బయటికి పోతుంటుంది. అప్పుడు నేలలో గుంట తవ్వి ఎజెక్టర్ పంపు పెట్టి పైకి తోడాలి. టాయిలెట్ వెనకే పంపు ఉండే రకాలూ ఉన్నాయి, గచ్చు పగలగొట్టక్కర్లేదు గానీ శబ్దం చేస్తాయి.

పెద్దవాళ్ళ కోసమైతే గోడలు మూయకముందే షవర్ చుట్టూ, టాయిలెట్ పక్కన ఫ్రేములో అడ్డంగా మందపాటి చెక్కలు కొట్టించండి. ఇప్పుడు కాకపోయినా ఐదేళ్ళకి పట్టుకునే కడ్డీ బిగించాలంటే మేకుకి పట్టు ఉంటుంది. గట్టు లేని షవర్, చేత్తో పట్టుకునే షవర్, కింద ఒక కుళాయి, బకెట్ పెట్టుకునే చోటు ఉండాలి. అమ్మ ఇక్కడికొచ్చాక మొదటిసారి సుఖంగా స్నానం చేసింది ఆ బకెట్ ఉన్నప్పుడే.

కింద ఇంకో స్టవ్ పెట్టుకోవచ్చా? పోపు వాసన పైన రాకుండా ఉంటుందని.

చాలామంది మనవాళ్ళకి ఈ కోరిక ఉంది. సింకు, ఫ్రిజ్, కాఫీకి చిన్న గట్టు వరకు మామూలుగా ఇబ్బంది ఉండదు. పూర్తి వంటగది పెడితే కొన్ని ఊళ్ళు దాన్ని రెండో ఇల్లుగా లెక్కిస్తాయి, అనుమతివ్వవు. ఏ ఇల్లు ఎలా వాడొచ్చో తేల్చే జోనింగ్ ఆఫీసులో ముందు అడగండి. ఇచ్చినా బయటికి గాలి తోసే హుడ్ లేకుండా కింద వేపుళ్ళు చేయొద్దు. ఆ ఆవిరంతా మళ్ళీ తేమే.

ఫర్నేస్ కనబడకుండా గోడ కట్టేయొచ్చా?

గది కట్టొచ్చు గానీ బిగించి మూయకూడదు. గ్యాస్ మండటానికి గాలి కావాలి, అది చాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. జాలీ తలుపు పెట్టండి, ముందు 30 అంగుళాల ఖాళీ వదలండి. ఎలక్ట్రిక్ ప్యానెల్ ముందు 36 అంగుళాల చోటు ఎప్పుడూ ఖాళీగా ఉండాలి. పడకగది బయట కార్బన్ మోనాక్సైడ్ అలారం, ఒకటి మోగితే ఇల్లంతా మోగేలా కలిపిన పొగ అలారాలు పెట్టించండి. గదికి వేడి, చల్లదనం కోసం మేం చిన్న హీట్ పంపు పెట్టించాం. పై అంతస్తు థర్మోస్టాట్‌తో సంబంధం లేకుండా అమ్మానాన్న తమకి కావలసినంత వెచ్చదనం తామే పెట్టుకుంటారు.

పర్మిట్ లేకుండా చేస్తే తక్కువకి అవుతుందంటున్నారు.

అంటారు. మా మొదటి పని అలాగే జరిగింది. పర్మిట్ తీసుకుని ఉంటే డ్రైవాల్ వేయకముందు ఇన్‌స్పెక్టరు వచ్చి ఆ ఫ్రేమూ వైరింగూ చూసేవారు. ఇల్లు అమ్మేటప్పుడు కూడా పర్మిట్ లేని పని బయటపడి టెన్షన్ పెడుతుంది. న్యూజెర్సీలో ఇంటి మరమ్మతులు చేసే కాంట్రాక్టర్ రాష్ట్రంలో నమోదై ఉండాలి, 500 డాలర్లు దాటిన పనికి రాతపూర్వక ఒప్పందం ఉండాలి. నంబరు అడిగి ఆన్‌లైన్‌లో చూసుకున్నాకే అడ్వాన్స్ ఇవ్వండి.

పెట్టిన డబ్బు ఇల్లు అమ్మితే తిరిగొస్తుందా?

పూర్తిగా వస్తుందని లెక్క వేసుకోవద్దు. ఇంటి విలువ కట్టే అప్రైజర్లు నేలమట్టానికి దిగువన ఉన్న చోటుని ఇంటి విస్తీర్ణంలో కలపరు, విడిగా చూపిస్తారు. ఎంత బాగా చేయించినా పైగదితో సమానమైన ధర రాదు. వాడుకోవడానికి చేయించుకోండి. డబ్బు చాలకపోతే సోఫా, టీవీ గోడ, బార్ ఆపండి, నీళ్ళు, రాడాన్, కిటికీ, కరెంటు పనుల్లో ఒక్క రూపాయి తగ్గించొద్దు.

అద్దెకివ్వొచ్చా?

చాలా ఊళ్ళలో ఒక కుటుంబం ఇంటిగా నమోదైన ఇంట్లో బేస్‌మెంట్‌ని విడిగా అద్దెకివ్వడం చట్టం ఒప్పుకోదు. కొత్తగా వచ్చిన విద్యార్థులు చవగ్గా దొరికిందని కిటికీ లేని గదుల్లో చేరుతుంటారు. వాళ్ళ అమ్మానాన్న ఎక్కడో గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఉంటారు, ఆ గది ఎలా ఉందో వాళ్ళకి తెలియదు. దారి లేని గదిలో ఎవర్నీ పడుకోబెట్టొద్దు, డబ్బు తీసుకున్నా తీసుకోకపోయినా.

పెద్దవాళ్ళు ఊరెళ్ళిపోయాక గది ఆర్నెల్లు ఖాళీగా ఉంటే పాడవదా?

కొంచెం చూసుకుంటే పాడవదు. మంచం, బీరువా గోడకి నాలుగంగుళాలు ఎడంగా జరపండి, వెనక గాలాడాలి. డీహ్యూమిడిఫైయర్ ఆపొద్దు. వాడని షవర్, సింకు కింద వంపు గొట్టంలో నీళ్ళు ఎండిపోతే మురుగు వాసన లోపలికొస్తుంది, నెలకోసారి ఒక చెంబు నీళ్ళు పోయండి. సంప్ గుంటలో బకెట్ నీళ్ళు పోసి పంపు తిరుగుతుందో లేదో చూడండి. తలుపు తెరిచి ఉంచండి. వాళ్ళ టికెట్లు బుక్ అయిన వారం నేను దుప్పట్లు ఉతికి, హైగ్రోమీటర్ చూసి, ఒక రాత్రి కింద నేనే పడుకుంటాను. పొద్దున లేచాక ముక్కుకి ఏ వాసనా తగలకపోతే గది సిద్ధమైనట్టే.